పరుగెత్తని ‘రన్’లు: ఒక చిన్న మాట, 645 అర్థాలు

ఇంగ్లిషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం ‘సెట్’ అనే చెప్పేవారు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో ఆ ఒక్క క్రియకే 60,000 మాటలు పట్టాయి. విడిగా వాడినప్పుడు దానికి 430 అర్థాలు. వేరే మాటలతో జతకట్టినప్పుడు పుట్టేవీ, నుడికారాలూ కలిపితే 580 దాకా తేలాయి. మూడో కూర్పు కోసం సవరణలు ‘ఎ’ నుంచి కాక ‘ఎమ్’ నుంచి మొదలుపెట్టారు. దాంతో పాత రికార్డులు వరసగా చెరిగిపోయాయి. 2000లో ‘మేక్’ ముందుకొచ్చింది. 2007లో ‘పుట్’ దాన్ని దాటింది. 2011లో ‘రన్’ వచ్చి అన్నిటినీ వెనక్కి నెట్టింది. ఈ క్రియకు తేలిన అర్థాలు 645. ఆ ఒక్క పద్దును తిరగరాయడానికి నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది.

రన్ అంటే పరుగెత్తడమని ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క అర్థం పట్టుకుని ఇంగ్లిషు పత్రిక తెరిస్తే పేజీకి నాలుగుచోట్ల బోల్తా పడతాం. అక్కడ ముక్కూ రన్ అవుతుంది, ఫ్యాక్టరీ రన్ అవుతుంది, మూడేళ్ల అద్దె ఒప్పందమూ రన్ అవుతుంది. నాయకుడు పదవికి రన్ చేస్తాడు, రోగి జ్వరాన్ని రన్ చేస్తాడు. వీటిలో ఎక్కడా కాళ్లకు పనిలేదు. ఒక మాట మీదికి ఇన్ని అర్థాలు ఎలా వచ్చి చేరాయి, వాటిని ఎవరు ఏ లెక్కన విడదీస్తున్నారు, నుడికారాలు ఏ వృత్తుల్లో పుట్టాయి, తెలుగు వాటిలో వేటిని రానిచ్చి వేటిని గుమ్మంలోనే ఆపేసింది అన్నవి విడివిడిగా చూడాల్సిన ప్రశ్నలు.

కాళ్లూ నీళ్లూ

పాత ఇంగ్లిషులో ఇది ఒక క్రియ కాదు, రెండు. తనంతట తాను పరుగెత్తడానికీ ప్రవహించడానికీ ఒకటి ఉండేది. ఇంకోదాన్ని పరుగెత్తించడానికి, అంటే గుర్రాన్ని దౌడు తీయించడంలాంటి పనికి, మరొకటి ఉండేది. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవాళ్ల భాషలోనూ వీటికి దగ్గరి చుట్టాలు ఉన్నాయి. రూపాలన్నీ కలగలిసిపోయి చివరికి ఒకే మాట మిగిలింది. జర్మన్ మాత్రం రెంటినీ ఇప్పటికీ వేరుగానే ఉంచుకుంది. ‘రిన్నెన్’ అంటే నీరు కారడం, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం. ఇంగ్లిషులో ఆ అడ్డుగోడ పడిపోయింది కాబట్టి పరుగు, ప్రవాహం, నడిపించడం మూడూ ఒకే కప్పు కిందికి వచ్చాయి. తర్వాత పుట్టిన అర్థాల్లో అధికభాగానికి మూలం ఈ కలయికే.

తెలుగువాడికి ఇందులో వింతేమీ ఉండకూడదు. మన ‘పారు’ను చూడండి. ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు. మడికి నీళ్లు పారిస్తాం. ఎత్తు ఫలిస్తే పాచిక పారిందంటాం. కాలి వేగానికీ నీటి వాలుకూ ఒకే క్రియ సరిపోతుందని రెండు భాషలూ, ఒకదాని సంగతి మరోదానికి తెలియకుండానే, నిర్ణయించుకున్నాయి.

నీళ్ల అర్థం వచ్చాక ఇంగ్లిషు దాన్ని ఎంతదూరం సాగదీసిందో చూస్తే ముచ్చటేస్తుంది. కన్నీళ్లు, కొళాయి, చీదే ముక్కు, కరిగే మైనం, ఉతికితే దిగే బట్ట రంగు, అన్నిటికీ రన్నే. మనమైతే ముక్కు కారుతుందంటాం, కొళాయి వస్తోందంటాం, రంగు దిగిందంటాం. ఒక్కోదానికి ఒక్కో క్రియ. అక్కణ్నుంచి ఇంగ్లిషు కదలని వస్తువుల మీదికి వెళ్లింది. కంచె పొలం చుట్టూ రన్ అవుతుంది, కొండల వరస ఉత్తరానికి రన్ అవుతుంది. కదిలేది కంచె కాదు, దాని వెంట సాగే మన చూపు. తెలుగులోనూ ‘ఈ రోడ్డు ఎటు పోతుంది?’ అని అడుగుతాం కదా. రోడ్డు ఎక్కడికీ పోదు, పోయేది మనమే. నేల మీద సాగిన ఈ గీతే ఆ తర్వాత కాలం మీదికి పాకింది. నాటకం ఆరు నెలలు రన్ అవుతుంది, ఒప్పందం మార్చి దాకా రన్ అవుతుంది. కాలు, నీరు, గీత, గడువు అనే ఈ వరస పట్టుకుంటే 645లో సగం చిక్కు విడిపోతుంది.

యంత్రం వచ్చాక

మిగతా సగం చిక్కు యంత్రాలు తెచ్చిపెట్టింది. నేతమిల్లు, ఆవిరి ఇంజను, రైలు, ఆపైన విద్యుత్తు, కంప్యూటరు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి కొత్త యంత్రమూ చేసేది ఏదో ఒకటి ఆగకుండా తిప్పడమే కాబట్టి, ఆ పనికి చేతికందిన మాట రన్ అయింది. 2011లో ఈ సంగతి మీద రాసిన బ్రిటిష్ రచయిత సైమన్ వించెస్టర్, ‘సెట్’ కుదురుగా కూర్చునే కాలపు మాట అనీ, ‘రన్’ ఉరుకులు పరుగుల యంత్రయుగపు మాట అనీ వాదించాడు. కాస్త అలంకారం కలిపి చెప్పినా అందులో నిజం ఉంది. యంత్రానికి వాడిన క్రియ దాన్ని నడిపే సంస్థకు అంటుకుంది. దాంతో హోటలు, బడి, పత్రిక, చివరికి ప్రభుత్వం కూడా రన్ చేయదగినవి అయ్యాయి.

ఎన్నికల దగ్గర ఇంగ్లిషులో రెండు దారులు కనిపిస్తాయి. అమెరికాలో అభ్యర్థి పదవికి ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మన పల్లెల్లో ‘సర్పంచికి ఎవరు నిలబడ్డారు?’ అని అడిగేది బ్రిటిష్ వరసకు దగ్గర. గుర్రప్పందాల నుంచి రాజకీయాల్లోకి వచ్చిన ‘రన్నింగ్ మేట్’ మాత్రం అచ్చంగా అమెరికాది. పందెం గుర్రానికి వేగం అందించడానికి అదే యజమాని తోడుగా దింపే రెండో గుర్రానికి మొదట ఆ పేరు. 2024 జులైలో ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా జె.డి. వాన్స్‌ను ప్రకటించినప్పుడు, వాన్స్ భార్య ఉష తెలుగు కుటుంబంలో పుట్టినామె కావడంతో ఆ మాట మన పత్రికల్లో కూడా బాగానే తిరిగింది.

కంప్యూటరు రంగంలో ఈ క్రియ ఆజ్ఞగా మారింది. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ తయారుచేసిన బేసిక్ భాషలో ప్రోగ్రాము రాసి ‘రన్’ అని కొడితే చాలు, యంత్రం పని మొదలుపెట్టేది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకునే కుర్రాడు ‘కోడ్ రన్ అవట్లేదు సార్’ అంటే, అది అదే ఆజ్ఞకు మూడు తరాల తర్వాతి ప్రతిధ్వని. అక్కడ ‘నడవట్లేదు’ అనేవాళ్లు తక్కువ, ‘పరుగెత్తట్లేదు’ అనేవాళ్లు అసలే ఉండరు.

ఒకే పేరు, వేరే వేరే ఊళ్లు

క్రియ సంగతి ఇలా ఉంటే, నామవాచకం కథ ఇంకో మలుపు. ‘బుల్ రన్’ అనే జంటపదం తీసుకుంటే ఆ మలుపు బాగా తెలుస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో తొలి పెద్ద పోరు 1861 జులై 21న వర్జీనియాలోని బుల్ రన్ దగ్గర జరిగింది. అక్కడ ‘రన్’ అంటే పిల్లవాగు. చూడటానికి ఎద్దుల పరుగులా ఉన్నా, అది ఒక ఏటి పేరు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఏటా జులైలో సాన్ ఫెర్మిన్ ఉత్సవాలప్పుడు ఇరుకు వీధుల్లో ఎద్దులను వదిలి వాటి ముందు జనం పరుగెడతారు. అక్కడి ‘బుల్ రన్’లో ఎద్దులూ నిజమే, పరుగూ నిజమే. ముంబయి స్టాక్ మార్కెట్లో నెలల తరబడి షేర్ల ధరలు పెరుగుతూ పోతే అదీ బుల్ రన్నే. ఇక్కడ ఎద్దు ఒట్టి ఉపమానం, పరుగు అంటే ఎడతెగని వరస. మూడుచోట్లా అక్షరాలు అవే. అర్థం తెలియాలంటే ఆ వాక్యంలో పక్కన ఏముందో చూడాల్సిందే.

‘బ్యాంక్ రన్’ది మరో దారి. ఇందులో పరుగు డిపాజిటుదారులది, అదీ సొమ్ము వెనక్కి తీసుకోవడానికి. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం బారులు తీరారు. పేరుకు పరుగు, చేసింది గంటల తరబడి నిలబడటం. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు. అక్కడ బారులు కూడా పెద్దగా అక్కర్లేకపోయింది, పని చాలావరకు ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద జరిగిపోయింది. మర్నాడే బ్యాంకు మూతపడింది. మంచి బ్యాంకు కూడా ఒట్టి భయంతో ఎలా కూలిపోతుందో 1983లో సూత్రీకరించిన డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్‌లకు 2022లో బెన్ బెర్నాంకీతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఒక మాటకు ఉన్న ఒక అర్థం మీద నలభై ఏళ్ల పరిశోధన నడిచిందన్నమాట.

మనకు బాగా తెలిసిన క్రికెట్ రన్‌కు ఇంకో చరిత్ర. తొలినాళ్లలో లెక్క కర్ర మీద గాట్లు పెట్టి రాసేవారు కాబట్టి పరుగును ‘నాచ్’, అంటే గాటు, అనేవారు. తర్వాత ఆ స్థానం రన్‌కు దక్కింది. బ్యాటర్లు ఇద్దరూ ఒకరినొకరు దాటి అవతలి గీత చేరితే ఒకటి. మరి బంతి బౌండరీ దాటితే? ఎవరూ కదలకపోయినా నాలుగో ఆరో వచ్చేస్తాయి. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆస్ట్రేలియాపై చేసిన 281లో 44 ఫోర్లు ఉన్నాయి. అంటే 176 ఫోర్ల రూపంలోనే వచ్చాయి. అయినా తెలుగు పత్రికలు వాటినీ ‘పరుగులు’ అనే రాశాయి, ఎవరికీ తేడా అనిపించలేదు. రన్‌కు పరుగు అని మాటకు మాట పెట్టి అనువదిస్తే నిలబడిన గట్టి ఉదాహరణ ఇదే. పరుగుల వరద, పరుగుల వేట, పరుగుల ఆకలి అంటూ క్రీడా పేజీలు దాని మీద సొంత నుడికారమే కట్టుకున్నాయి.

వెంట వచ్చే చిన్న మాటలు

ఇంగ్లిషు నేర్చుకునేవాళ్లను అసలు కంగారుపెట్టేది రన్ కాదు, దాని వెనక తోకలా వచ్చే అప్, డౌన్, ఓవర్, అవుట్, త్రూ లాంటి మాటలు. ‘రన్ డౌన్’నే తీసుకోండి. కారు మనిషిని గుద్దినా రన్ డౌనే, బ్యాటరీ దిగిపోయినా రన్ డౌనే. ఇద్దరు కలిసి మూడోవాణ్ని చులకన చేసి మాట్లాడినా అదే. వెతికి వెతికి చివరికి ఎవర్నో పట్టుకున్నా అదే. నిద్రలేక నీరసించిన మనిషికీ, సున్నం రాలుతున్న పాత మేడకూ అదే విశేషణం. ‘డౌన్’లో ఉన్న కిందికి దిగడం అనే భావం అన్నిట్లో ఏదో ఒక రూపంలో ఉంది. ఛార్జి దిగడం, పరువు దించడం, ఆరోగ్యం దిగజారడం, వెంటాడిన మనిషిని నేలకు దించడం. ఆ ఒక్క భావం పట్టుకుంటే ఆరు అర్థాలను బట్టీ పట్టే పనిలేదు.

‘రన్ అప్’లో పైకి పోవడం ఉంది. అప్పులు పెరిగినా, జెండా ఎక్కినా, దర్జీ గబగబా ఒక గౌను కుట్టి పారేసినా రన్ అప్పే. బౌలర్ బంతి వేసే ముందు తీసే పరుగు, ఎన్నికల ముందు నెలల హడావుడి కూడా నామవాచకంగా అదే. ‘రన్ అవుట్’లో బయటికి పోవడం ఉంది. పాలు అయిపోవడం, పాస్‌పోర్టు గడువు తీరడం, ఓపిక నశించడం, వికెట్ పడటం దాని కిందికి వస్తాయి. ‘రన్ త్రూ’ అంటే ఒకవైపు నుంచి మరోవైపుకు దూసుకుపోవడం. కత్తితో పొడవడం, నాటకాన్ని ఒకసారి మొదట్నుంచి చివరికి చూసుకోవడం, తాతలిచ్చిన ఆస్తిని ఖర్చుచేసేయడం అందులోంచే వస్తాయి. ‘రన్ ఓవర్’లో దాటడం ఉంది. చక్రం కింద పడటం, పాత్ర పొర్లడం, ఉపన్యాసం సమయం మించిపోవడం. ఆ చిన్న మాటకు ఉన్న దిశను పట్టుకున్నవాడు కొత్త వాక్యం ఎదురైనా ఊహించగలడు. జాబితా కంఠస్థం చేసినవాడు జాబితాలో లేనిది తగలగానే ఆగిపోతాడు.

నుడికారాల పుట్టిళ్లు

నుడికారాల్లోకి వస్తే ప్రతిదానికీ ఒక పుట్టిల్లు ఉంటుంది. ఓడలది మొదటి వరస. లంగరు తాడు లాగేంత వ్యవధి లేక, దాన్ని నరికేసి గాలివాటున పారిపోవడం ‘కట్ అండ్ రన్’. ఇప్పుడు తలకెత్తుకున్న బాధ్యతను మధ్యలో వదిలేసి జారుకునేవాళ్లకు వాడుతున్నారు. వేటది రెండో వరస. వేటకుక్క తను పట్టాల్సిన వాసన వదిలేసి వేరే జంతువు వెంట పడితే ‘రన్ రయట్’, నక్కను దాని బొరియ దాకా తరిమితే ‘రన్ టు అర్త్’. కుందేలుతో పరుగెత్తుతూ వేటకుక్కలతో వేటాడటం అనే సామెత రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గురించి. మిల్లులది మూడో వరస. రకం చూసి వేరు చేయకుండా మిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న సరుకు ‘రన్ ఆఫ్ ద మిల్’. ఇప్పుడు ఏ ప్రత్యేకతా లేని మనిషికో, సినిమాకో ఆ ముద్ర వేస్తారు.

బయటి భాషల మాటలు పక్కన చేరి పుట్టిన నుడికారాలు మరీ ఆసక్తికరం. ‘రన్ ద గాంట్‌లెట్’లో గాంట్‌లెట్ అంటే ఇనుప తొడుగు అనుకుంటారు గానీ, ఆ తొడుగుకు దీంతో సంబంధం లేదు. సైనికులు రెండు వరసల్లో నిలబడి తప్పు చేసినవాణ్ని మధ్యలోంచి పరుగెత్తిస్తూ కొట్టే శిక్షకు స్వీడిష్‌లో ‘గాట్‌లోప్’ అని పేరు. 17వ శతాబ్దపు ముప్పయ్యేళ్ల యుద్ధ కాలంలో అది ఇంగ్లిషు సైనికుల చెవిన పడి, తెలిసిన తొడుగు మాటతో కలిసిపోయింది. ‘రన్ అమోక్’లోని అమోక్ మలయ్ భాషది. ఉన్నట్టుండి ఒళ్లు తెలియని ఆవేశంలో కనిపించినవాణ్నల్లా నరుకుతూ పోవడం దాని మూలార్థం. తూర్పు సముద్రాల్లో తిరిగిన పోర్చుగీసుల రాతల ద్వారా యూరపుకు చేరింది. భారతదేశంలోని ఆంగ్లేయుల వాడుక మాటలను పోగేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులోనూ 1886లోనే దానికి చోటు దక్కింది. ‘రన్ ద గామట్’ సంగీతంలోంచి వచ్చింది. మధ్యయుగపు ఐరోపా స్వరపట్టికలో అట్టడుగు స్వరం పేరు ‘గామా ఉత్’. అదే మొత్తం పట్టికకు పేరైంది. కింది నుంచి పైకి అన్ని స్వరాలూ చుట్టివస్తే గామట్ రన్ చేసినట్టు. ఈ మూడింటిలోనూ పరాయి మాట అర్థం మసకబారినా, తెలిసిన రన్ పక్కన ఉండబట్టి నుడికారం బతికింది.

కొన్నిటికి తెలుగులో తయారుగా జంట ఉంది. నిశ్చలంగా ఉన్న నీటికి లోతెక్కువ అనే ఇంగ్లిషు సామెతకు మనం నిండుకుండ తొణకదంటాం. ఒక గుణం ఇంటిల్లిపాదిలోనూ రన్ అవుతుందని వాళ్లంటే, అది రక్తంలోనే ఉందని మనమంటాం. వాటికి అనువాదం అక్కర్లేదు, బదులు చెప్పుకుంటే చాలు.

లెక్క ఎవరిది?

ఇంతకీ 645 నిజమైన సంఖ్యేనా? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ మొదలుపెట్టిన వర్డ్‌నెట్ అనే పదకోశం ఇదే క్రియకు 41 అర్థాలు, నామవాచకానికి మరో 16 ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు వాడుకలోంచి పోయినవీ వదలరు, ఒకే అర్థం ఏ వస్తువుకు వాడితే దాన్నిబట్టి విడగొడతారు. వర్డ్‌నెట్‌వాళ్లు నేటి వాడుక చూసి దగ్గరివాటిని కలిపేస్తారు. నది రన్ అవడం, ముక్కు రన్ అవడం ఒకటేనా రెండా అంటే పడేది నిఘంటుకారుడి గీత, భాషలో ఆ గీత ఉండదు. 2006లో భాషాశాస్త్రవేత్త స్టెఫాన్ గ్రీస్ నిజమైన వాక్యాలు వందల్లో తీసుకుని, రన్ ఏ అర్థంలో ఉన్నప్పుడు పక్కన ఏ మాటలు, ఏ వ్యాకరణ రూపాలు వస్తున్నాయో లెక్కగట్టాడు. అర్థాలను ఊహతో కాక పొరుగును బట్టి గుంపులు కట్టవచ్చని చూపాడు.

అర్థాలు పోగుపడటానికి ఒక సాధారణ సూత్రమూ ఉంది. ఒకే మాటకు అనేకార్థాలు ఉండటానికి ‘పాలిసెమీ’ అనే పేరు 1897లో ఫ్రెంచ్ పండితుడు మిషెల్ బ్రెయాల్ పెట్టాడు. ఎంత తరచుగా వాడితే మాటకు అన్ని ఎక్కువ అర్థాలు వస్తాయని 1945లో అమెరికన్ పండితుడు జార్జ్ జిఫ్ చూపాడు. అరిగిన నాణేనికి కొత్త ముద్ర సులువుగా పడుతుంది. ‘రన్’, ‘సెట్’, ‘పుట్’ లాంటి పొట్టి దేశి మాటలే ఈ పోటీలో గెలవడానికి, లాటిన్ నుంచి వచ్చిన పొడుగు మాటలు వెనకబడటానికి కారణం అదే.

మన సంప్రదాయానికి ఈ ఆలోచన కొత్త కాదు. అమరకోశం మూడో కాండలో నానార్థ వర్గమే ఉంది. ‘హరి’ అంటే విష్ణువే కాక యముడు, గాలి, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప కూడా. 16వ శతాబ్దంలో పింగళి సూరన రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో నడిపి ‘రాఘవపాండవీయము’ రాయగలిగింది ఇలాంటి సంపద ఉండబట్టే. అయితే హరికీ రన్‌కూ తేడా ఉంది. హరి అర్థాలు పక్కపక్కన కూర్చున్న వస్తువులు, శ్లేషకు అవే కావాలి. రన్ అర్థాలు ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినవి, వాటి మధ్య దారి వెతికితే దొరుకుతుంది.

తెలుగు ఏరుకున్నవి

ఇప్పుడు మన ఇంటి సంగతి. తెలుగులోకి రన్ వచ్చింది గానీ దాని 645 అర్థాలూ రాలేదు. మరీ విచిత్రం, దాని మొదటి అర్థమైన కాళ్ల పరుగు దాదాపు రానేలేదు. కుక్క తరిమితే మనం పరుగెడతాం, రన్ చేయం. మనం తెచ్చుకున్నది వేరే రకం.

చీరల కొట్టుకు వెళితే ‘కాంట్రాస్ట్ బ్లౌజా, రన్నింగ్ బ్లౌజా?’ అని అడుగుతారు. చీర కొసన అదే బట్టలో, అదే రంగులో, కత్తిరింపు లేకుండా కొనసాగే జాకెట్టు ముక్క రన్నింగ్ బ్లౌజ్. మీటర్ల లెక్కన కోసి అమ్మే తాను గుడ్డ రన్నింగ్ మెటీరియల్. వంటింటి గ్రానైట్ గట్టుకు అంచు గుండ్రంగా తీయించాలంటే మేస్త్రీ ‘రన్నింగ్ ఫీటుకు ఇంత’ అంటాడు. చదరపు అడుగుతో పనిలేదు, పొడవు ఎంత సాగితే అంత కూలి. బస్సు కదులుతుండగా ఫుట్‌బోర్డు మీదికి వచ్చినవాణ్ని కండక్టరు ‘రన్నింగులో దిగొద్దు’ అని అదిలిస్తాడు. కాజీపేట, విజయవాడ లాంటి జంక్షన్లలో లోకో పైలట్లు, గార్డులు డ్యూటీ దిగి పడుకునే చోటు రన్నింగ్ రూమ్. పేరులో పరుగున్న ఆ గదిలో జరిగేది నిద్ర. సినిమా వాళ్లకు రన్ అంటే థియేటర్లో నిలిచిన రోజుల వరస, రన్ టైమ్ అంటే నిడివి. కొత్త రైలు పట్టాలెక్కే ముందు ట్రయల్ రన్. కొవిడ్ టీకా రాకముందు 2020 డిసెంబరు చివర్లో కృష్ణా జిల్లాలో, దేశంలో మరికొన్ని చోట్ల డ్రై రన్ జరిపారు. మందు లేదు, సూది పొడవలేదు. నమోదు నుంచి పరిశీలన గది దాకా వరస మాత్రం నడిపి చూశారు.

వీటన్నిటిలో ఉమ్మడి గుణం ఒకటుంది, ఎడతెగకుండా సాగడం. బట్ట సాగుతుంది, అంచు సాగుతుంది, బస్సు సాగుతుంది, ఆట సాగుతుంది. ఆ ఒక్క ఛాయను విడిగా చెప్పడానికి మన దగ్గర వృత్తుల్లో చెల్లే పొట్టి విశేషణం లేకపోయింది కాబట్టి రన్నింగ్ వచ్చి కూర్చుంది. మిగతా అర్థాలకు మనకు దిట్టమైన క్రియలు ఉన్నాయి, అక్కడ దానికి చోటు దొరకలేదు. ఒక భాష మరో భాష నుంచి మాటను మొత్తంగా తెచ్చుకోదు. తనకు ఖాళీగా ఉన్న అర్థానికి సరిపడా ముక్క కోసుకుంటుంది. పరభాషా పదాలు వచ్చిపడ్డాయని వాపోయేవాళ్లు ఎన్ని అర్థాలు రాకుండా ఆగిపోయాయో కూడా చూడాలి.

మన ‘ఆడు’ మాటేమిటి?

ఆ ఆపిన క్రియల్లో ముఖ్యమైంది ‘ఆడు’. పిల్లలు ఆడతారు, ఆట సంగతి సరే. గానుగ ఆడుతుంది, రైసుమిల్లు ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ఈ మూడింటికీ ఇంగ్లిషులో రన్ పనికొస్తుంది. వడ్లు ఆడిస్తాం, నువ్వులు ఆడించి నూనె తీయిస్తాం. ఆస్తమా రోగికి ఊపిరి ఆడదు. కబురు విన్న మనిషికి కాలూ చేయీ ఆడవు. వ్యాపారి చేతిలో డబ్బు ఆడటం లేదంటాడు, అంటే రాకపోకలు నిలిచిపోయాయన్నమాట. అబద్ధం ఆడతాం, మాటాడతాం, పోట్లాడతాం, స్నానమాడతాం. ఒకదాని నుంచి ఒకటి ఎలా మొలిచిందో, ఏది ఎప్పుడు పుట్టిందో రన్‌కు చెప్పినట్టు తేదీలు వేసి చెప్పగలిగితే ‘ఆడు’ పద్దు కూడా పేజీలకు పేజీలు సాగుతుంది. ‘పట్టు’, ‘పడు’, ‘కొట్టు’ల సంగతీ అంతే.

కాబట్టి 645 అనే సంఖ్య ఇంగ్లిషు గొప్పతనానికి కొలత అనుకుంటే పొరపాటు. అది ఆ నిఘంటువు వెనకున్న పనికి కొలత. 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వెలువడిన తొలి కూర్పు కోసం వేల మంది పాఠకులు పుస్తకాలు చదివి, ప్రతి ప్రయోగాన్నీ చీటీ మీద రాసి పంపారు. ఆ చీటీలు లక్షల్లో పోగుపడ్డాయి. ప్రతి అర్థానికీ తొలి ప్రయోగం ఏ సంవత్సరానిదో రాసిపెట్టారు కాబట్టే ఇవాళ యంత్రాలు వచ్చాక రన్ ఎలా విస్తరించిందో చెప్పగలుగుతున్నాం.

తెలుగులో పునాది లేకపోలేదు. 1850లలో బ్రౌన్ దొర నిఘంటువులు వచ్చాయి. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోని ప్రయోగాలను చూపింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలను, 1971లో చేనేత పదాలను ఊరూరా తిరిగి సేకరించింది. కానీ కావ్యాలను గాలించినవాళ్లకు రైసుమిల్లుతో పనిపడలేదు, వృత్తి పదాలు సేకరించినవాళ్లు ప్రధానంగా పనిముట్ల పేర్లు, పనుల పేర్లు పట్టుకున్నారు. రోజూ నలిగే క్రియల అర్థాలకు కాలక్రమం వేసే పని మిగిలే ఉంది. పాత పత్రికలు, కోర్టు కాగితాలు, సినిమా ప్రకటనలు, కొట్టు పద్దులు ఇప్పుడు స్కాన్లుగా దొరుకుతున్నాయి. ఫోన్ల మీద వెతకగల కాలం ఇది. రన్నింగ్ బ్లౌజు కూడా, డబ్బు ఆడటం కూడా ఒకే పుస్తకంలో చేరాలి. ఎందుకంటే ఒకటి ఎందుకు వచ్చిందో తెలియాలంటే, రెండోది ఎక్కడ దాకా పనిచేస్తోందో తెలియాలి. మొదలుపెట్టడానికి పెద్ద సంస్థ వచ్చేదాకా ఆగక్కర్లేదు. భాషంటే ఇష్టమున్న టీచరు, రిటైరైన గుమస్తా, మిల్లు మేనేజరు ఎవరైనా చీటీ రాయొచ్చు. మాట, అది ఉన్న వాక్యం, ఊరు, సంవత్సరం, ఈ నాలుగూ ఉంటే చాలు. అర్థాలు ఎన్నన్నది తర్వాత లెక్క తేలుతుంది.